మాస్టర్ ప్లాన్ ముసాయిదాపై అభ్యంతరం ఎలా రాయాలి?

ఊరు పాడైపోయిందని బాధపడేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. సంత జరిగే చోట కాంప్లెక్స్ లేచిందని, పాత బజారులో అరుగులు పోయాయని, చెరువు సగానికి సగం ప్లాట్లయిందని అంటారు. ఇవన్నీ జరగబోతున్నాయని చూపించే రంగుల మ్యాపు మున్సిపల్ ఆఫీసు గోడకు అంటించి ఉన్న రోజుల్లో మాత్రం అటు తొంగిచూసినవాళ్లు పదిమంది కూడా ఉండరు. జేసీబీ వచ్చిన రోజు ఊరంతా వస్తుంది. 2020లో విజయనగరంలో మూడు లాంతర్ల స్తంభాన్ని కూల్చినప్పుడు జనం ఎంత మండిపడ్డారో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కోపం న్యాయమైనదే. కానీ అది కూలాక వచ్చిన కోపం.

చిన్న ఊరి తీరు చెడిపోకుండా మామూలు మనిషి చేయగలిగిన గట్టి పని ఒకటుంది: మాస్టర్ ప్లాన్ ముసాయిదా మీద సరిగ్గా రాసిన అభ్యంతరం. ఊళ్లో ఏ స్థలం దేనికి వాడాలో, ఏ రోడ్డు ఎంత వెడల్పు ఉండాలో చెప్పేదే మాస్టర్ ప్లాన్. గోడకు అంటించిన ఆ రంగుల మ్యాపు దాని ముసాయిదానే. 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ మున్సిపాలిటీల కోసం 18 అంశాల జాబితా ఇచ్చింది. అందులో మొట్టమొదటిది పట్టణ ప్రణాళికే. కాబట్టి అడగడానికి మొహమాటం అక్కర్లేదు. మనవాళ్లు అడిగే తీరే అధ్వానంగా ఉంటుంది. 'మా ఊరిని కాపాడండి' అని కాగితం రాసి, ఐదు వందల సంతకాలు పెట్టించి, ఇస్తూ ఫొటో దిగి వాట్సాప్‌లో పెడతారు. ఏది ఎక్కడ ఎలా మార్చాలో ఆ కాగితంలో ఉండదు. దాంతో అధికారి మాత్రం ఏం చేస్తాడు?

కావలసినవి

వంద అడుగుల టేపు, ఫోను, తెల్ల కాగితాలు, నీలం ఇంకు పెన్ను. మీరు మాట్లాడబోయే స్థలం సర్వే నంబరు, దాని అడంగల్ లేదా పహాణీ (రెవెన్యూ భూమి రికార్డు) నకలు. తోడుగా ఊరి పాత సంగతులు తెలిసిన పెద్దమనిషి ఒకరు. లాయరు అక్కర్లేదు. రాజకీయ నాయకుణ్ని వెంట తీసుకెళ్లొద్దు. ఆయన వస్తే మీ కాగితం ఆయన పార్టీ కాగితమైపోతుంది.

నోటీసు పట్టుకోవడం

ముసాయిదా సిద్ధమయ్యాక పేపర్లో ప్రకటన వస్తుంది, మున్సిపల్ నోటీసు బోర్డులో పెడతారు, వెబ్‌సైట్‌లోనూ ఉండొచ్చు. అభ్యంతరాలకు గడువు 30 రోజులా, 60 రోజులా అన్నది ఆ నోటీసులోనే రాసి ఉంటుంది. ఆఖరి తేదీ ఇంట్లో క్యాలెండర్ మీద రాసుకోండి. గడువులో మొదటి సగం దాటకముందే కాగితం ఇచ్చేయాలి. చివరి వారం వచ్చే కట్టల్లో మంచి అభ్యంతరం కూడా కలిసిపోతుంది.

మ్యాపును నేల మీదకు దించడం

అందరూ బోల్తాపడేది ఇక్కడే. మిగతా పనులన్నీ ఒక పూటలో అయిపోతాయి. దీనికి మాత్రం ఎన్ని రోజులు పట్టినా పట్టనివ్వండి.

మొదటి మాట: ఫోన్లో పీడీఎఫ్ చూసి అభ్యంతరం రాయొద్దు. అందులో సర్వే నంబర్లు పెద్దవి చేసేకొద్దీ చెరిగిపోతాయి. నీళ్లను చూపే నీలం, వాణిజ్య జోన్‌ను చూపే నీలం ఒకేలా కనిపిస్తాయి. చీర కొనేముందు గుమ్మం బయటికి తెచ్చి ఎండలో చూసినట్టు, ఆఫీసులో ఉన్న పెద్ద షీటునే వెలుతుర్లో చూడాలి. ముందుగా మూలన ఉండే రంగుల పట్టికను ఫొటో తీసుకోండి. సాధారణంగా పసుపు నివాసాలకు, నీలం వ్యాపారానికి, ఊదా పరిశ్రమలకు, ఎరుపు ప్రభుత్వ, ప్రజా సంస్థలకు, ఆకుపచ్చ పార్కులకూ ఖాళీ స్థలాలకూ వాడతారు. అయినా ఏ షీటుకు ఆ షీటు పట్టికే ప్రమాణం. పక్క ఊరి మ్యాపు చూసిన అలవాటుతో దీన్ని చదవొద్దు.

రెండో మాట: మీ ఇంటితో మొదలుపెట్టొద్దు. అందరూ ముందు తమ ప్లాటు వెతుక్కుంటారు, దొరక్క గందరగోళపడతారు. పొరపాటుకు వీల్లేని గుర్తులు రెండు పట్టుకోండి. రైల్వే గేటు, చెరువు తూము, పాత గుడి, బస్టాండు ఇలాంటివి. ఆ రెండింటి మధ్య దూరం, దిక్కు సరిపోయాయంటే అక్కడి నుంచి సర్వే నంబర్లు లెక్కపెట్టుకుంటూ వెళ్లండి. మ్యాపులో చాలాసార్లు పెద్ద నంబరే ఉంటుంది, సబ్ డివిజన్ ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో రీసర్వే అయిన ఊళ్లకు కొత్త ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. అక్కడ పాతదీ కొత్తదీ రెండూ రాసుకోండి. రెండింట్లో ఒక్కటే రాస్తే 'సదరు నంబరు రికార్డుల్లో కనబడలేదు' అని మీ కాగితాన్ని ఒక్క వాక్యంతో పక్కన పెట్టేయొచ్చు.

ఇక గీతల సంగతి. ఇప్పుడున్న రోడ్డుకు ఒక రకం గీత, ప్రతిపాదిత రోడ్డుకు మరో రకం గీత ఉంటాయి. పక్కన వెడల్పు రాసి ఉంటుంది. పాత బజారు మీద 60 అడుగులు అని కనిపిస్తే టేపు పట్టుకుని వీధిలోకి వెళ్లండి. మొదట్లో, మధ్యలో, చివర మూడు చోట్ల కొలవండి. వీధి 30 అడుగులే ఉంటే మధ్య గీత నుంచి లెక్కేసినప్పుడు రెండు వైపులా చెరో 15 అడుగులు పోతాయన్నమాట. ఒక్కోసారి గీత ఒకవైపుకే జరిగి ఉంటుంది. అప్పుడు ఒక వరస ఇళ్లు మొత్తం పోతాయి, ఎదుటి వరస పదిలంగా ఉంటుంది. ఇది కంటితో చూసి తేల్చేది కాదు. మధ్య గీత ఎక్కడ తీసుకున్నారో లిఖితపూర్వకంగా అడగాలి.

'మున్సిపాలిటీ దగ్గర డబ్బే లేదు, రోడ్డు ఎప్పటికి వెడల్పు చేస్తారు?' అని తేలిగ్గా తీసేసేవాళ్లకు ఒక సంగతి తెలియదు. ఆ గీత దాని పని అది చేసుకుంటూనే ఉంటుంది. మీ వీధిలో ఎవరైనా ఇల్లు పడగొట్టి కొత్తగా కట్టుకోవడానికి అనుమతి అడిగితే, ప్లాన్‌లో రోడ్డుకు పోయే భాగం వదిలి వెనక్కి జరిగి కట్టుకోమంటారు. ఒక ఇల్లు వెనక్కి జరుగుతుంది, పదేళ్లకు ఇంకోటి జరుగుతుంది. వీధి పళ్లూడిన నోరులా తయారవుతుంది. వరస తప్పాక, మిగిలిన అరుగులకు కాలం చెల్లిందని ఇంటివాళ్లే పడగొట్టేస్తారు. పెంకుటిళ్ల వీధులు మాయమయ్యే దారుల్లో ఇదొకటి.

చెరువు దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. మ్యాపులో కనిపించే నీలం మచ్చ పూర్తి చెరువు కాకపోవచ్చు. నీళ్లు తగ్గినప్పటి విస్తీర్ణం చూసి గీసి ఉంటే శిఖం భూమి, అంటే చెరువు నిండితే మునిగే భూమి, పసుపు రంగులోకి వెళ్లిపోతుంది. రెవెన్యూ రికార్డులో చెరువు విస్తీర్ణం ఎన్ని ఎకరాలో రాసుకుని, నీటిపారుదల శాఖ దగ్గర ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి మట్టం) హద్దు అడిగి, రెండింటినీ మ్యాపుతో పోల్చండి. తెలంగాణకు ఇప్పటికీ ఆధారమైన 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు నిర్మాణాలు లేకుండా వదలాలి. హద్దే తప్పుగా గీస్తే ఈ మీటర్లన్నీ చెరువు లోపలి నుంచే మొదలవుతాయి. చెరువులోకి నీళ్లు తెచ్చే వాగు, కాలువ మ్యాపులో ఉన్నాయో లేదో కూడా చూడండి. చెరువును చూపించి వాగును మరిచిపోవడం మామూలే.

సంత మైదానం సంగతి విచిత్రంగా ఉంటుంది. అక్కడ వ్యాపారం జరుగుతోంది కాబట్టి నీలం రంగు వేసి ఉండొచ్చు. చూడ్డానికి సబబుగానే ఉంటుంది. కానీ వాణిజ్య జోన్‌లో దుకాణ సముదాయం కట్టడానికి అడ్డేముంది? వారానికో రోజు గంపలు దించుకునే జాగా మిగిలిన ఆరు రోజులూ ఖాళీగా ఉంటుంది, ఖాళీ జాగా ఎవరి కళ్లలోనైనా పడుతుంది. అందుకే దాన్ని బహిరంగ స్థలంగా చూపమని అడగాలి.

మ్యాపు చూసేసి ఇంటికొచ్చేయొద్దు. దానితోపాటు ఒక నివేదిక పుస్తకం ఉంటుంది. ఏ జోన్‌లో ఏవి కట్టొచ్చో అందులో ఉంటుంది. కాపాడాల్సిన పాత కట్టడాల జాబితా ఉందేమో, ఉంటే మీ గంటస్తంభం, కోట బురుజు, దిగుడుబావి, పాత గ్రంథాలయం అందులో ఉన్నాయేమో చూడండి. లేకపోతే అదే మీ మొదటి అభ్యంతరం.

రాయడం

ఒక కాగితంలో ఒక్క విషయమే. ఇందులో రాజీ లేదు. చెరువు, సంత, బజారు మూడూ ఒకే కాగితంలో పెడితే ఒకదానికి సమాధానం చెప్పి మూడింటికీ చెప్పినట్టు ఫైలు మూసేస్తారు. తెలుగులో, చేతిరాతతో, ఒక పేజీ దాటకుండా రాయండి. టైపు చేసిన కాగితాలు ఎవరో పంచిపెట్టినట్టు కనిపిస్తాయి. 'ఘనత వహించిన' లాంటివి, మన సంస్కృతి సంప్రదాయాల మీద పేరాలు వద్దు.

నమూనా ఇలా ఉంటుంది: 'ముసాయిదా మ్యాపులో సర్వే నంబరు ఫలానాలోని సంత మైదానాన్ని, ఇన్ని ఎకరాలు, వాణిజ్య జోన్‌గా చూపారు. ఇక్కడ ప్రతి వారం సంత జరుగుతోంది. మున్సిపాలిటీ సంత వేలం రికార్డులే ఇందుకు ఆధారం. కాబట్టి దీన్ని బహిరంగ స్థలంగా మార్చి చూపాలని కోరుతున్నాను.' ఉన్నదేమిటి, ఆధారమేమిటి, ఏం కావాలి, అంతే. ఆధారం వీలైనంతవరకు వాళ్ల రికార్డే అయి ఉండాలి. మన ఫొటోను కాదనొచ్చు గానీ వాళ్లే ఆశీలు వసూలుకు వేలం వేసిన సంతను లేదనలేరు.

వంద సంతకాలతో ఒక కాగితం కన్నా వేర్వేరు ఇళ్ల నుంచి వేర్వేరు మాటల్లో వచ్చిన ఇరవై కాగితాలు మేలు. జిరాక్స్ తీసి పేర్లు మార్చి ఇవ్వొద్దు. కూరగాయలమ్మే ఆమె తన గంప ఎక్కడ పెడుతుందో రాయాలి, పక్కింటాయన బండ్లు ఎక్కడ ఆగుతాయో రాయాలి.

ఇంత తతంగం ఎందుకు, కామారెడ్డిలో రోడ్డెక్కితే పని కాలేదా అని అడుగుతారు. అయింది. 2023 జనవరిలో రైతుల ఆందోళన తర్వాత కామారెడ్డి, జగిత్యాల మున్సిపాలిటీలు రెండూ ముసాయిదాను వెనక్కి తీసుకుంటూ తీర్మానాలు చేశాయి. కానీ కామారెడ్డిలో ధర్నాలతోపాటు అభ్యంతర పత్రాలు కూడా పెద్ద సంఖ్యలో ఇచ్చారు. పైగా అక్కడ వందల మంది భూములు ఒకేసారి చిక్కులో పడ్డాయి కాబట్టి అంతమంది కదిలారు. ఒక దిగుడుబావి కోసం, నాలుగు చింతచెట్ల కోసం ఊరు రోడ్డెక్కదు. వాటికి ఈ కాగితమే దిక్కు.

ఇవ్వడం, ఇచ్చాక

ఆఫీసులో కాగితాలు తీసుకుని నమోదు చేసే ఇన్‌వర్డ్‌లో ఇచ్చి, మీ నకలు మీద ముద్ర, నంబరు, తేదీ వేయించుకోండి. ముద్ర లేకపోతే ఇవ్వనట్టే. 'ఇక్కడ పెట్టి వెళ్లండి' అంటే వెళ్లొద్దు. ఆన్‌లైన్‌లో పెట్టినా కాగితం కూడా ఇవ్వండి.

తర్వాత మీ వార్డు కౌన్సిలర్‌కు ఒక నకలు ఇచ్చి, ముసాయిదా కౌన్సిల్ అజెండాలోకి ఎప్పుడు వస్తుందో కనుక్కోండి. పాలకవర్గం లేనప్పుడు ప్రత్యేకాధికారికి ఇవ్వండి. తెలంగాణలో 2019 మున్సిపల్ చట్టం ప్రతి వార్డుకూ యువతకు, మహిళలకు, వయోవృద్ధులకు, ప్రముఖులకు వేర్వేరుగా కమిటీలు పెట్టింది. మీ వార్డులో అవి ఉన్నాయో లేవో అడిగి, ఉంటే వాటితోనూ మాట్లాడండి. విచారణకు పిలిస్తే టేపు కొలతల కాగితం వెంట తీసుకెళ్లండి. ఎవరూ పిలవకపోతే, మీ ఇన్‌వర్డ్ నంబరు రాసి, దానిమీద ఏ నిర్ణయం తీసుకున్నారని సమాచార హక్కు కింద అడగండి. మున్సిపాలిటీలో 10 రూపాయల రుసుము, సమాధానానికి 30 రోజులు.

ప్లాన్ ఆమోదం పొందాక కూడా ఆ సర్వే నంబర్ల జాబితా పారేయొద్దు. తర్వాత ఒక్కొక్క నంబరుకు భూ వినియోగ మార్పు నోటీసులు గెజిట్‌లో, పేపర్లో చిన్న అక్షరాల్లో వస్తుంటాయి. వాటికి అభ్యంతరం చెప్పడానికి సాధారణంగా 15 రోజులే ఇస్తారు. జాబితా గోడకు అంటించి ఉంటే పేపర్లో మీ చెరువు నంబరు కనబడగానే గుర్తుపడతారు. రాసే పద్ధతి పైన చెప్పినదే.