చెన్నైలో అద్దెకు దిగుతున్నారా? ముందు ఈబీ మీటర్ ఎవరిదో అడగండి

నెల్లూరు నుంచో, తిరుపతి నుంచో, హైదరాబాద్ నుంచో చెన్నై వచ్చి ఇల్లు వెతుక్కునేవాళ్లు మూడు ప్రశ్నలు మాత్రం మరిచిపోరు. అద్దె ఎంత, అడ్వాన్స్ ఎంత, నీళ్లకు ఇబ్బంది ఉందా. కరెంట్ దగ్గరికి వచ్చేసరికి "ఎంత వాడితే అంత కడతాం, అందులో ఏముంది" అని ఊరుకుంటారు. నా లెక్కలో అద్దె గురించి బేరమాడే ముందే తేల్చుకోవలసింది కరెంట్ సంగతి. వేళచ్చేరిలో పక్కపక్క ఇళ్లలో ఉంటూ, ఒకేలా ఫ్యాన్లు, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ వాడుకునే రెండు కుటుంబాల్లో ఒకరికి రెండు నెలలకు 705 రూపాయలు, ఇంకొకరికి 2,400 రూపాయలు పడే అవకాశం నిజంగానే ఉంది. ఎలాగో చెబుతాను.

ఇక్కడ కరెంట్ బోర్డును అందరూ ఈబీ అనే అంటారు. పేరు టాంజెడ్కో నుంచి 2024లో టీఎన్‌పీడీసీఎల్‌గా మారినా వాడుకలో అదే మిగిలింది. మనకు అలవాటైనట్టు నెలనెలా బిల్లు రాదు, రెండు నెలలకు ఒకసారి వస్తుంది. మొదటి నెల ఏమీ రాకపోతే ఖుషీ అయిపోకండి. రెండు నెలలకు కలిపి మొదటి 100 యూనిట్లు ఉచితం. ఇది 2016 నుంచి ఉంది. తెలంగాణ గృహజ్యోతిలా రేషన్ కార్డు అడగరు. ఇల్లు సొంతమా, అద్దెదా అని కూడా చూడరు. ఇంటి కనెక్షన్ అయితే చాలు, మీటర్‌కు 100 యూనిట్లు. "మీటర్‌కు" అనే ఆ మాట గుర్తుపెట్టుకోండి, కథంతా అక్కడే ఉంది.

2024 జులైలో సవరించిన రేట్ల ప్రకారం 101 నుంచి 200 యూనిట్ల దాకా యూనిట్‌కి 2.35 రూపాయలు, 400 దాకా 4.70, 500 దాకా 6.30. 500 యూనిట్లు దాటితే ఆ 2.35 రేటు పోతుంది, 101 నుంచే 4.70 పడుతుంది. ఆపైన 600 దాకా 8.40, 800 దాకా 9.45, 1,000 దాకా 10.50. కాబట్టి సరిగ్గా 500 యూనిట్లు వాడితే 1,805 రూపాయలు, 501 వాడితే 2,048 రూపాయలు. ఒక్క యూనిట్‌కి 240 రూపాయల పైచిలుకు! ఎండాకాలంలో రోజూ రాత్రి ఏసీ వేసుకునేవాళ్లు ఈ గీత దాటకుండా ఉండటం కష్టమే. అయినా రీడింగ్ తేదీకి నాలుగు రోజుల ముందు ఒకసారి మీటర్ చూసుకుంటే, 490 దగ్గర ఉన్నామో 530 దగ్గర ఉన్నామో తెలుస్తుంది. 530లో ఉంటే గీత ఎలాగూ దాటేశాం, కాకపోతే అక్కడి నుంచి వాడే ప్రతి యూనిట్‌కీ 8.40 పడుతూనే ఉంటుంది.

ఓనర్ చెప్పే యూనిట్ ధర

ఇల్లు చూపిస్తూ హౌస్ ఓనర్ ఇలా అంటాడు: "సబ్‌మీటర్ ఉంది సార్, యూనిట్‌కి 8 రూపాయలు. ఈ ఏరియాలో అందరూ అంతే." తెలుగు ఓనర్లు కూడా ఇదే మాట అంటారు, మనవాళ్లు కదా అని తగ్గించేవాళ్లు తక్కువే. సబ్‌మీటర్ అంటే ఒకే ఈబీ మీటర్ కింద ఒక్కో పోర్షన్ వాడకం లెక్కపెట్టడానికి ఓనర్ పెట్టుకున్న చిన్న మీటర్. ఆ 8 రూపాయలు బోర్డు పెట్టిన ధర కాదు, ఓనర్ పెట్టిన ధర. 100 యూనిట్ల ఉచితం అందులో ఉండదు.

మీకు విడిగా ఈబీ మీటర్ ఉండి రెండు నెలల్లో 300 యూనిట్లు వాడితే బిల్లు 705 రూపాయలు. అదే 300 యూనిట్లు సబ్‌మీటర్ మీద 8 రూపాయల చొప్పున 2,400. ఏడాదికి ఆరు బిల్లులు, అంటే పది వేలకు పైనే తేడా. అద్దెలో 500 తగ్గించాడని సంబరపడి దిగిన ఇంట్లో ఆ తగ్గింపు ఇలా తిరిగి వెళ్లిపోతుంది.

అయితే ఓనర్ మాట పూర్తిగా అబద్ధమనీ అనలేం. ఒకే మీటర్ మీద మూడు పోర్షన్లు ఉండి, ఒక్కొక్కరూ 300 వాడితే మొత్తం 900 యూనిట్లు. స్లాబులు పైకి ఎగబాకి బిల్లు 5,820 రూపాయలు అవుతుంది, అంటే సగటున యూనిట్‌కి ఆరున్నర. అతని జేబులోంచి అంత కట్టాల్సిందే. కానీ ఆరున్నర అయినదానికి ఎనిమిది వసూలు చేస్తే మూడు పోర్షన్ల నుంచి 7,200 వస్తుంది, మిగిలేది 1,380. అందుకే నేను "8 ఎందుకు" అని గొడవపడమని చెప్పను. "ఈబీ బిల్లు చూపించండి, యూనిట్ల ప్రకారం పంచుకుందాం" అనమంటాను. మొత్తం బిల్లును మొత్తం యూనిట్లతో భాగించి, మీ సబ్‌మీటర్‌లో వచ్చిన యూనిట్లతో గుణిస్తే మీ వాటా వస్తుంది. ఇందులో ఎవరికీ నష్టం లేదు. బిల్లు చూపించడానికే మొహం చిట్లించే ఓనర్ అయితే, వేరే ఇల్లు చూసుకోవడం మేలు.

అసలైతే ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడే "తని మీటరా సార్?" (విడి మీటరా) అని అడగండి. అవునంటే మెట్ల కింద ఉండే మీటర్ బోర్డు దగ్గరికి తీసుకెళ్లమనండి. మీ ఇంటి మీటర్ ఏదో చూపించమని, దాని సర్వీస్ నంబర్ రాసుకోండి. ఆ నంబర్‌ను ఏ యూపీఐ యాప్‌లో కొట్టినా బాకీ ఉంటే కనపడుతుంది. ముందు ఉన్నవాళ్లు ఎగ్గొట్టిన బిల్లు మీరు దిగాక మీ నెత్తిన పడకుండా ఇదొక్కటి చాలు. బోర్డుకు మనిషితో పని లేదు, మీటర్‌తోనే పని. డబ్బు రాకపోతే ఆ మీటర్‌కే ఫ్యూజ్ పీకుతారు, లోపల ఎవరున్నారని అడగరు.

అందుకే విడి మీటర్ ఉన్నవాళ్లు బిల్లు డబ్బు ఓనర్ చేతికి ఇవ్వకుండా నేరుగా ఈబీకే కట్టడం మంచిది. రీడింగ్ తీసుకున్న రోజు నుంచి 20 రోజులు గడువు ఉంటుంది. మెసేజ్ ఓనర్ ఫోన్‌కి వెళ్తుంది కాబట్టి మీకు తెలియకపోవచ్చు. రీడింగ్ వచ్చే తేదీ ఏదో మొదటిసారే కనుక్కుని ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.

మోటార్ ఎవరి మీద తిరుగుతోంది?

ఇండిపెండెంట్ ఇళ్లలో నీళ్ల మోటార్, మెట్ల లైటు, గేటు లైటు గ్రౌండ్ ఫ్లోర్ వాళ్ల మీటర్‌కు తగిలించి ఉండటం చాలాచోట్ల చూస్తాం. అలా కావాలని చేసినవాళ్లూ ఉంటారు, ఇల్లు కట్టినప్పుడు ఎలక్ట్రీషియన్‌కు దగ్గరగా దొరికిన వైరుకు కలిపేసి మరిచిపోయినవాళ్లూ ఉంటారు. కనిపెట్టడం తేలికే. ఇంట్లో స్విచ్‌లన్నీ ఆపండి, ఫ్రిజ్ ప్లగ్, ఇన్వర్టర్ ప్లగ్ కూడా తీసేయండి. ఇప్పుడు వెళ్లి మీటర్ ముందు నిలబడండి. దాని మీద చిన్న ఎర్ర లైటు వాడకాన్ని బట్టి మిణుకుమంటూ ఉంటుంది. లోపల ఏమీ నడవనప్పుడు ఆ మిణుకు ఆగిపోవాలి. ఇప్పుడు పైవాళ్లను మోటార్ వేయమనండి. మీ మీటర్ లైటు మళ్లీ గబగబా కొట్టుకోవడం మొదలుపెట్టిందా, బిల్డింగ్ మొత్తానికి నీళ్లు మీరే తోడుతున్నారన్నమాట.

ఒక హెచ్‌పీ మోటార్ రోజుకు గంట తిరిగినా రెండు నెలల్లో 45 యూనిట్లకు తక్కువ కాదు. మీ ఉచితం 100లో దాదాపు సగం అక్కడికే సరి. ఓనర్‌తో మాట్లాడి విడిగా లైన్ వేయించమనండి, కుదరదంటే అద్దెలో ఇంత అని తగ్గించమనండి. ఇది దిగకముందు అయితే నవ్వుతూ ఒప్పుకుంటారు, దిగాక అయితే రోజులు గడుస్తాయి.

అపార్ట్‌మెంట్లలో ఈ బాధ లేదు, లిఫ్టుకు, మోటార్‌కు, కారిడార్ లైట్లకు కామన్ కనెక్షన్ ఉంటుంది. ఆ టారిఫ్ ఇంటి టారిఫ్ కన్నా ఖరీదు, ఉచిత యూనిట్లు ఉండవు. లిఫ్ట్ లేని, మూడు అంతస్తులకు, 10 ఫ్లాట్లకు మించని బిల్డింగులకు మాత్రం 2023లో తగ్గించారు. ఇది మెయింటెనెన్స్‌లో కలిసి వస్తుంది. మెయింటెనెన్స్ మీరు కడుతున్నారా, ఓనర్ కడుతున్నాడా అన్నది ఒప్పందంలో రాసి ఉంటే చాలు.

గ్యాస్ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ఎక్కువ ఇళ్లలో సిలిండరే, మీ కనెక్షన్ మార్పించుకోండి.

పాడైతే ఎవరు బాగుచేయించాలి?

తమిళనాడులో 2017లో చేసిన అద్దె చట్టం 2019 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. దాని షెడ్యూల్‌లో ఎవరి పని ఏదో విడివిడిగా రాసి ఉంది. గోడల లోపలి, బయటి వైరింగ్ ఓనర్ బాధ్యత. స్విచ్‌లు, సాకెట్లు, సర్క్యూట్ బ్రేకర్, గీజర్ రిపేర్లు అద్దెకున్నవాళ్లవి. ఒప్పందంలో వేరేగా రాసుకుంటే అది వేరే సంగతి. గీజర్ మన నెత్తిన పడటం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది, ఓనర్ పదేళ్ల కింద పెట్టిన గీజర్‌కు మొన్న దిగినవాళ్లు ఎందుకు ఖర్చుపెట్టాలి? అందుకే దిగేముందు గీజర్, ఏసీ ఒక పావుగంట నడిపి చూడండి. ఓనర్ ఇచ్చిన పాత ఏసీ చల్లబరచకుండా కరెంట్ మాత్రం తాగేస్తుంటే, సర్వీసింగ్ ఎవరు చేయించాలో అక్కడే తేల్చుకుని ఒప్పందంలో ఒక వాక్యం రాయించుకోండి.

అదే చట్టం ప్రకారం అద్దె విషయంలో తగాదా వచ్చిందని ఓనర్ కరెంట్, నీళ్లు ఆపడానికి వీల్లేదు. ఆపితే రెంట్ అథారిటీకి ఫిర్యాదు చేయొచ్చు. అక్కడ మన మాట చెల్లాలంటే కాగితం ఉండాలి కాబట్టి ఒప్పందాన్ని రిజిస్టర్ చేయించుకోవడానికి బద్ధకించకండి. కరెంట్ పోవడం, మీటర్ తిరగకపోవడం, బిల్లు తేడాగా రావడం లాంటివి అయితే బోర్డు వాళ్ల మిన్నగం హెల్ప్‌లైన్ 94987 94987. సర్వీస్ నంబర్ దగ్గర పెట్టుకుని ఫోన్ చేయండి.

బిల్లులో ఎప్పుడైనా అదనపు డిపాజిట్ అని ఒక మొత్తం కలిసి వస్తుంది. వాడకం పెరిగిందని బోర్డు అడిగే జమ అది. కనెక్షన్ ఓనర్ పేరు మీద ఉంది, ఆ డబ్బు కూడా ఆయన ఖాతాలోనే ఉంటుంది. కాబట్టి అది మీరు కట్టినా అద్దెలో తగ్గించుకుంటామని ముందే వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టండి. చాలామంది ఓనర్లు బిల్లు వివరాలు చూపిస్తే ఒప్పుకుంటారు.

ఖాళీ చేసే రోజు వాదన ఎక్కువగా వచ్చేది కూడా కరెంట్ మీదే, ఎందుకంటే రెండు నెలల బిల్లు మధ్యలో మీరు వెళ్లిపోతారు. దిగిన రోజు ఒకసారి, ఖాళీ చేసే రోజు ఇంకోసారి మీటర్ అంకెలు తేదీతో కనపడేలా ఫోటో తీసి ఓనర్‌కు పంపండి. ఆఖరి రీడింగ్ తర్వాత మీరు 180 యూనిట్లు వాడారనుకోండి. ఉచితం తీసేస్తే 80 యూనిట్లకు 188 రూపాయలు. ఓనర్ మాత్రం "బిల్లు ఇంకా రాలేదు, అడ్వాన్స్‌లో 1,500 పట్టుకుంటా" అంటాడు. 188 ఇచ్చి, తర్వాత వచ్చేవాళ్ల వాడకంతో స్లాబు పెరిగితే యూనిట్ల నిష్పత్తిలో మీ వాటా మిగతాది పంపుతానని చెప్పండి. మీటర్ ఫోటో, లెక్క రెండూ చేతిలో ఉన్నప్పుడు ఆ 1,500 మాట అక్కడితో ఆగిపోతుంది.