బానెట్ ఎత్తే ముందు తాళం ఎవరి దగ్గరుందో చూసుకోండి

పోయిన ఆదివారం పొద్దున మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒకాయన ఎడమచేతి వేళ్ళు రెండు నలిగిపోయాయి. పక్క బ్లాకు ఆయనే, ముఖపరిచయం ఉంది. రాత్రంతా వాన పడింది, పొద్దున స్టార్ట్ చేస్తే కారు కీచుమంటోంది. బానెట్ ఎత్తి, ఇంటర్ చదివే కొడుకుని సీట్లో కూర్చోబెట్టి, "కొంచెం రేస్ ఇవ్వరా" అన్నాడు. తను బెల్ట్ పక్కన చెయ్యి పెట్టి ఏదో కదిపి చూస్తున్నాడు. ఉన్నట్టుండి "ఆపు" అని అరిచాడు. కింద సెల్లార్ మోత, ముందు బానెట్ అడ్డం. పిల్లాడికి అరుపు వినిపించింది గానీ మాట వినిపించలేదు. ఇంకా రేస్ ఇవ్వమంటున్నాడనుకుని ఇచ్చాడు.

ఆ పిల్లాడు సరిగ్గా అన్నం తినడం లేదని వాళ్ళమ్మ మొన్న లిఫ్టులో చెప్పింది.

వానలు మొదలయ్యాయంటే మన హైదరాబాద్‌లో కారు చప్పుళ్ళూ మొదలవుతాయి. గుంతలు, నిలిచిన నీళ్ళు, తడిసిన బెల్టులు. సెలవురోజు కదా, మనమే చూసుకుందాం అనిపించడం మామూలే. చూసుకోండి, తప్పేం లేదు. వేడి ఇంజన్ ముట్టుకోవద్దు, పిల్లల్ని దూరంగా ఉంచండి లాంటివి మీకు తెలుసు, వాటి జోలికి పోను. నేను చూసినంతలో చేతులు పోగొట్టుకున్నవాళ్ళందరూ చేసిన తప్పు ఒకటే. ఇంజన్ నడుస్తుండగా చెయ్యి లోపల పెట్టారు.

చప్పుడు ఇంజన్ నడిస్తేనే వస్తుంది, కాబట్టి అప్పుడే వెతకాలనిపిస్తుంది. కానీ వినడం ఒక పని, ముట్టుకోవడం ఇంకో పని. వినేటప్పుడు చేతులు వెనక్కి కట్టుకోండి. ముట్టుకునేటప్పుడు ఇంజన్ ఆగి ఉండాలి, తాళం మీ జేబులో ఉండాలి. సీట్లో ఉన్న బావమరిది చేతిలో కాదు, కారుకి వేలాడుతూ కాదు, మీ జేబులో. బటన్ స్టార్ట్ కారైతే లెక్క తిరగబడుతుంది. ఆ తాళం జేబులో పెట్టుకుని కారు పక్కన నిలబడితే, సీట్లో ఎవరైనా బటన్ నొక్కగానే ఇంజన్ లేవొచ్చు. అలాంటి తాళాన్ని పైన ఇంట్లో పెట్టి రండి.

ఊరికే నిలబడి ఉన్న కారు ఇంజన్ కూడా నిమిషానికి దాదాపు 800 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకి 13. ఆ వేగంలో నున్నటి పుల్లీ, అంటే బెల్ట్ తిరిగే చక్రం, తిరుగుతున్నట్టే ఉండదు, నిలబడిపోయినట్టు కనిపిస్తుంది. మీ చెయ్యి వెనక్కి తీసేలోపు అది నాలుగైదు చుట్లు తిరిగేస్తుంది. మెడలో ఆఫీసు ఐడీ కార్డు తాడు వేలాడుతుంటే, వంగినప్పుడు ముందు పోయేది అదే. గచ్చిబౌలి నుంచి ఇంటికొచ్చి కార్డు తియ్యకుండానే బానెట్ ఎత్తేవాళ్ళు తక్కువమంది కాదు. చున్నీ, కండువా, చేతి కడియం, పొడుగు చేతుల చొక్కా, అన్నీ అంతే.

మెకానిక్ పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనని ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వింటాడు. డాక్టర్ గుండె చూసినట్టుంటుంది. ఆయనకి పుల్లీ ఎక్కడుందో కళ్ళు మూసుకున్నా తెలుసు. మీకు తెలీదు. ఆ ప్రయోగం ఇంట్లో వద్దు.

మరి ఎలా కనిపెట్టాలి? ఫోన్ చాలు. పొద్దున మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు కారుకి ఒక చెయ్యి దూరంలో నిలబడి వీడియో తియ్యండి. చల్లటి ఇంజన్‌లో వచ్చి, వేడెక్కాక పోయే చప్పుడు మెకానిక్ దగ్గరికి వెళ్ళేసరికి ఎలాగూ వినిపించదు, ఈ వీడియోనే ఆయనకి సాక్ష్యం. తర్వాత సీట్లో కూర్చుని ఒక్కొక్కటీ మార్చి చూడండి. ఏసీ వెయ్యగానే మొదలై ఆపగానే పోతే, చూపు కంప్రెసర్ వైపు. క్లచ్ తొక్కినప్పుడే వస్తే క్లచ్ బేరింగ్ మీద అనుమానం. తడి ఉన్న పొద్దుటి పూట కీచుమని కాసేపటికి పోయేది ఎక్కువసార్లు బెల్టే. ఇంజన్ ఆపి, తాళం జేబులో వేసుకుని, టార్చి లైట్లో బెల్ట్ చూడండి. పగుళ్ళున్నా, అద్దంలా మెరుస్తున్నా మార్చే టైమ్ వచ్చినట్టు. రాణిగంజ్ స్పేర్ పార్ట్స్ షాపుల్లో బెల్ట్ దొరుకుతుంది కదా అని మీరే బిగించబోకండి, బిగువు తేడా వస్తే బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ బేరింగ్ పోతుంది. వేగంతో పాటు పెరిగే సన్నటి టకటక అయితే ముందు ఆయిల్ చూడండి. సమంగా ఉన్న నేల మీద, ఇంజన్ ఆపిన పది నిమిషాలకి ఆయిల్ కొలిచే పుల్ల (డిప్‌స్టిక్) తీసి, తుడిచి, మళ్ళీ దించి చూడాలి. రేస్ ఇస్తుంటే లోపల సుత్తితో కొడుతున్నట్టు బరువైన చప్పుడు వస్తే, ఇంకోసారి వినాలన్న ఆశ వదులుకోండి. విన్న ప్రతిసారీ ఖర్చు పెరుగుతుంది.

ఇక మిగతావి.

ఆయిల్ ఎర్ర లైటు వెలిగితే అప్పటికప్పుడు ఆపండి. పెట్రోల్ బంక్ దాకా అనొద్దు.

సెల్లార్‌లో ఇంజన్ ఆన్ చేసి నిమిషాల తరబడి వినకండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ విషవాయువు, దానికి వాసన లేదు. కారు బయట గాలిలోకి తీసుకెళ్ళండి, ర్యాంప్ మీద మాత్రం ఆపకండి.

ఇంజన్ నడిపి వినేటప్పుడు గేర్ న్యూట్రల్‌లో, ఆటోమేటిక్ అయితే పీ లో. హ్యాండ్ బ్రేక్ పైకి. ముందు మనిషి నిలబడకూడదు.

రేడియేటర్ మూత తియ్యొద్దు.

ఇంజన్ ఆపాక కూడా రేడియేటర్ ఫ్యాన్ తనంతట తాను తిరగొచ్చు, అది వేడిని బట్టి నడుస్తుంది. ఆగి ఉందని వేలు పెట్టకండి. అంటే ఇంజన్ ఆపడం, తాళం జేబులో వేసుకోవడం, ఇంకాస్త చల్లారనివ్వడం, ఆ తర్వాతే చెయ్యి.

టైర్ మార్చే జాకీ మీద కారు లేపి కిందికి దూరకండి. పక్కన ఇటుకలు పెట్టి కూడా దూరకండి.

స్టార్ట్ చేసే ముందు బానెట్ మీద రెండు దెబ్బలు కొట్టండి. వానాకాలం పిల్లులు లోపల పడుకుంటాయి.

సెల్లార్‌లో నీళ్ళు చేరితే, నీళ్ళు తోడేసినా సరే, కారు స్టార్ట్ చెయ్యొద్దు. చప్పుడు ఎలా ఉందో చూద్దామని కూడా వద్దు. సిలిండర్‌లోకి వెళ్ళిన నీరు గాలిలా నొక్కుకుపోదు, పిస్టన్‌కి తగిలించి ఉండే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. 2020 అక్టోబరు వానలకి నగరంలో సెల్లార్లు మునిగినప్పుడు నీళ్ళు తగ్గగానే తాళం తిప్పినవాళ్ళని చూశాను. తోయించి, టోయింగ్ బండి ఎక్కించడమే దారి.

చెయ్యి చిక్కుకుంటే లాగొద్దు. ముందు ఇంజన్ ఆపించండి, తర్వాత 108. వేలు తెగిపడితే శుభ్రమైన తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్‌లో వేసి, ఆ కవర్‌ని ఐస్ మీద పెట్టండి. నేరుగా ఐస్‌లో వెయ్యొద్దు.

సాయానికి వచ్చినవాళ్ళకి ముందే చెప్పండి: నేను చెయ్యి ఎత్తితే ఆపు, అరిస్తే ఆపు, కనిపించకపోయినా ఆపు. మీ అబ్బాయిని మాత్రం ఆ సీట్లో కూర్చోబెట్టకండి.

ఆదివారం మెకానిక్ షెడ్డు తియ్యడా? సోమవారం దాకా కారు కదలనివ్వకండి. మెట్రో ఉంది.