సంక్రాంతి సెలవులకు వాల్పారై టీ తోట బంగళాలో దిగేవారికి జాగ్రత్తలు

మనకు సెలవులు కలిసివచ్చే రోజులూ, తమిళనాడులోని వాల్పారై టీ తోటల్లో ఏనుగులు ఎక్కువగా తిరిగే రోజులూ ఒకటే. వానలు వెనకబట్టాక, డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఆనమలై కొండల మీది ఈ పీఠభూమికి ఏనుగుల రాకపోకలు బాగా పెరుగుతాయి. సుమారు 220 చదరపు కిలోమీటర్ల ఈ ప్రాంతంలో 1890ల దశకం నుంచి దొరలు అడవి నరికించి తేయాకు నాటించారు. చుట్టూ మాత్రం ఇప్పటికీ ఆనమలై పులుల అభయారణ్యమూ, అటు కేరళ అడవులూ ఉన్నాయి. మొక్క మారింది కాని ఏనుగు దారి మారలేదు. పగలు అవి వాగుల వెంట మిగిలిన చెట్ల గుబుర్లలో నిలబడి, పొద్దు వాలాక తోటల్లోకి దిగి, కార్మికుల లైన్ల, అంటే వరస ఇళ్ళ, పక్క నుంచీ బంగళా పచ్చికల మీదుగానూ నడిచిపోతాయి. అందువల్ల ఇక్కడి జాగ్రత్తల్లో సగానికి పైగా గడియారానికి సంబంధించినవే.

గది అద్దె అడిగే ముందు ఫోనులో నాలుగు సంగతులు కనుక్కోండి. తారు రోడ్డు నుంచి బంగళా దాకా తోట దారి ఎంత దూరం ఉందో, ఆ దారిలో ఎత్తు తక్కువ కారు వెళ్తుందో లేదో, రాత్రి కాపలా మనిషి ఉంటాడో లేదో, స్నానానికి నీళ్ళు దేనితో కాస్తారో అడగాలి. చివరి ప్రశ్న చాదస్తంగా అనిపించవచ్చు కాని, దాని కారణం కింద చెబుతాను. వాల్పారైకి వెళ్ళే పర్యాటకుల వాహనాలకు 2025 నవంబరు 1 నుంచి ఈ-పాస్ తప్పనిసరి అయింది కనుక బయలుదేరే ముందే దాన్ని తీసుకుని ఫోనులో భద్రపరచుకోండి. కొండ మీద సిగ్నల్ ఎక్కడ పోతుందో చెప్పలేము. తమిళనాడులో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల మీద 2019 నుంచి నిషేధం ఉంది కనుక ప్లాస్టిక్ సంచులు, గ్లాసులు ఇంట్లోనే వదిలిరావడం మంచిది.

సికింద్రాబాదు నుంచి రైల్లో వచ్చినా, హైదరాబాదు నుంచి విమానంలో వచ్చినా కోయంబత్తూరులో దిగి పొల్లాచ్చి మీదుగా రావాలి. పొల్లాచ్చి నుంచి వాల్పారై 64 కిలోమీటర్లే అయినా, కొండ కిందున్న ఆళియార్ దాటాక 40 హెయిర్‌పిన్ మలుపులున్న ఘాట్ రోడ్డు కాబట్టి దూరాన్ని బట్టి కాలాన్ని లెక్క వేయకూడదు. మధ్యాహ్నం రెండు గంటలకల్లా ఆళియార్ దాటేలా ప్రయాణం పెట్టుకుంటే, దారిలో ఒకచోట ఆగినా, మంచు కమ్మినా వెలుగుండగానే బంగళా చేరతారు. విమానం ఆలస్యమైతే పట్టుదలకు పోకుండా ఆ రాత్రి పొల్లాచ్చిలోనే ఉండిపోండి. బంగళాలో ఒక రాత్రి అద్దె పోతుందన్న బాధతో చీకట్లో ఘాట్ ఎక్కడం తెలివైన పని కాదు. అతిరప్పిళ్ళి, మలక్కప్పార మీదుగా కేరళ వైపు నుంచి వచ్చే దారి చూడముచ్చటగా ఉంటుంది కాని, అది అడవి మధ్య దారి కనుక సాయంత్రం నుంచి ఉదయం వరకు చెక్‌పోస్టుల దగ్గర గేట్లు మూసేస్తారు. అటు నుంచి వచ్చేవారు పొద్దున్నే బయలుదేరాలి.

బంగళా చేరిన తరువాత పాటించవలసిన మొదటి నియమం, సాయంత్రం ఆరు దాటాక వరండా మెట్లు దిగకపోవడం. కారులో మరచిపోయిన చార్జరు కోసమైనా సరే, మీరే వెళ్ళకుండా కాపలా మనిషిని పిలవండి. ఈ తోటల్లో మేనేజరును కార్మికులు ఇప్పటికీ పెరియ దొరై అనీ, అసిస్టెంటు మేనేజరును చిన్న దొరై అనీ పిలుస్తారు. మన దొర అన్న మాటే తమిళంలో దొరై అయింది. కాని రాత్రి వేళ బంగళాలో దొర మాట కంటే వాచ్‌మన్ మాట చెల్లుతుంది, చెల్లాలి కూడా. అక్కడక్కడ ఎత్తుగా స్తంభాల మీద ఎర్ర దీపాలు బిగించి ఉంటాయి. ఏనుగులు దగ్గరలోకి వచ్చాయని తెలిసినప్పుడు, ఆ బాధ్యత ఉన్న స్థానికులు ఫోను చేస్తే దీపం వెలుగుతుంది. అడవుల పరిరక్షణకు పనిచేసే సంస్థ ఒకటి అటవీ శాఖతోనూ తోటలతోనూ కలిసి నడిపిస్తున్న ఏర్పాటు ఇది. తోటవాళ్ళకు ఫోనుల్లో సందేశాలు కూడా వస్తాయి. మీ బంగళా నుంచి ఏ దీపం కనిపిస్తుందో పగలే అడిగి చూసిపెట్టుకోండి.

మొదటిసారి వెళ్ళినప్పుడు నాకు ఈ కట్టుబాట్లు కాస్త అతిగానే తోచాయి. రెండో రోజు తెల్లవారాక కాఫీ గ్లాసుతో బయటికి వచ్చి చూస్తే, వంటింటి వెనక అరటి పొద నేలమట్టమై ఉంది, పచ్చిక మీద భోజనం పళ్ళెమంత వెడల్పున గుంటలు వరసగా పడి ఉన్నాయి, ఒక్కొక్క దానిలో మంచు నీరు నిండి ఆకాశం కనిపిస్తోంది. మా గది కిటికీకీ ఆ వరసకూ మధ్య దూరం పదిహేను అడుగులకు మించదు. రాత్రి మాకు చప్పుడే వినపడలేదు. బియ్యం, ఉప్పు, పండ్ల వాసనకు ఏనుగులు వంటిళ్ళ గోడలూ రేషన్ దుకాణాల తలుపులూ పగలగొట్టడం ఈ కొండ మీద కొత్త సంగతి కాదు కనుక, ఇంటి నుంచి తెచ్చిన అరటిపళ్ళనూ అరిసెల డబ్బాలనూ కారులో గాని వరండాలో గాని వదలకుండా వంటవారికి అప్పగించండి. ఏనుగు ఎదురుపడితే ఫోటో తీసే ప్రయత్నం చేయకుండా, ఫ్లాష్ వేయకుండా, వచ్చిన దారినే చప్పుడు లేకుండా వెనక్కి తగ్గాలి. కారులో ఉంటే హారన్ కొట్టకుండా దూరంగా ఆగి, అది దాటేదాకా కాచుకోవాలి.

ఏనుగు కంటే నన్ను ఎక్కువగా కంగారుపెట్టేది అడవి దున్న. పగటి పూట కూడా తేయాకు మొక్కల మధ్య నడుము లోతున నిలబడి మేస్తుంటుంది, మంచులో నల్లని బండరాయిలా కనిపిస్తుంది, శాంతంగా చూస్తోంది కదా అని దగ్గరికి వెళ్ళినవారి మీదికి ఒక్క ఉదుటున వస్తుంది. చిరుతపులి పెద్దవాళ్ళ కంట అరుదుగా పడుతుంది. ప్రమాదం పిల్లలకే. కనుక మసక వెలుతురులో పిల్లలను పచ్చిక మీద ఒంటరిగా ఆడుకోనివ్వకండి. పెంపుడు కుక్కను అసలే తీసుకురాకండి, ఎందుకంటే చిరుత కుక్క కోసమే ఇళ్ళ దాకా వస్తుంది.

ఇక ఇంటి లోపలి సంగతి. వందేళ్ళ కట్టడాల్లో చలికాలపు ప్రమాదం నిప్పు దగ్గరే ఉంటుంది. ప్రతి పెద్ద గదిలోనూ చలిమంట గూడు కనిపిస్తుంది, దాన్ని వెలిగించాలని అందరికీ ముచ్చటేస్తుంది. ఏళ్ళ తరబడి వాడని పొగగొట్టంలో పక్షి గూళ్ళూ ఎండుటాకులూ పేరుకుని ఉండవచ్చు కనుక, ఈ చలికాలంలో దాన్ని శుభ్రం చేశారా అని అడిగి, సిబ్బంది చేతనే వెలిగించుకుని, పడుకునే ముందు పూర్తిగా ఆర్పించాలి. గూడు పనిచేయడం లేదని ఎవరైనా బొగ్గుల కుంపటి తెచ్చి గదిలో పెడతామంటే మర్యాదగానే వద్దనండి. తలుపులు బిగించిన గదిలో బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు, రంగు లేదు. నిద్రలో ఉన్నవారికి ఊపిరాడడం లేదన్న సంగతే తెలియదు. స్నానాల గదిలో గ్యాస్ గీజరు ఉంటే ప్రమాదం అదే, అందుకే ఆ ప్రశ్న ముందుగా అడగమన్నాను. గీజరు గది బయట ఉండాలి, లేదా కిటికీ తెరిచే ఉంచాలి. కట్టెల బాయిలరు మీద కాచి బకెట్లలో తెచ్చి ఇచ్చే నీళ్ళయితే నిశ్చింత. పాత వైరింగు మీద భారం వేయకుండా కెటిలూ హీటరూ ఒకే బోర్డుకు తగిలించకండి. కరెంటు పోతే చెక్క మెట్లూ ఎత్తైన గడపలూ కనపడవు కనుక మంచం పక్కన టార్చి ఉండాలి.

తోటలో నడక ఉదయం ఎనిమిది దాటాక, తోట మనిషి తోడుగా సాగాలి. పై నుంచి చూస్తే తేయాకు మొక్కలు పరచిన తివాచీలా సమంగా కనిపిస్తాయి కాని, వాటి కింద వాన నీరు పోవడానికి తవ్విన కాలువలు మోకాలి లోతున దాగి ఉంటాయి. కొమ్మలు కత్తిరించిన చోట మోళ్ళు మేకుల్లా నిలబడి ఉంటాయి. అందుకే ఫోటో కోసం మొక్కల మధ్యకు దూరకుండా బాట మీదే నిలబడండి. ఆకు కోసే స్త్రీలకు కూలి కోసిన బరువును బట్టి కూడా ముడిపడి ఉంటుంది కనుక, వారిని ఆపి, గంప తగిలించుకుని ఫోటోలు దిగే ముందు అడగడం, వద్దంటే ఊరుకోవడం కనీస మర్యాద. రెండాకులు, ఒక మొగ్గ తెంపి నోట్లో వేసుకునే సరదా మాత్రం మానుకోండి, ఆ మడికి మందు ఎప్పుడు కొట్టారో మీకు తెలియదు. ఫ్యాక్టరీ చూడటానికి వెళ్ళేటప్పుడు చున్నీ, శాలువా, వదులు జుట్టు బిగించి కట్టుకోవాలి. ఆకును నలిపే సీటీసీ రోలర్లు ఎదురెదురుగా వేగంగా తిరుగుతుంటాయి, గుడ్డ కొస చిక్కితే చేతిని వదలవు. ఉబ్బసం ఉన్నవారు జల్లెడ పట్టే గదిలోకి వెళ్ళకుండా బయటే ఉండటం మేలు, అక్కడ గాలినిండా టీ ధూళి.

సంక్రాంతికి జలగలు తక్కువే అయినా వాగుల పక్క తేమలో ఉంటాయి. ఉప్పు గాని శానిటైజరు గాని తగిలిస్తే వదిలేస్తాయి, లాగి పీకకండి. గడ్డిలో చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ గురించి ఈ మధ్య ఆంధ్రలోనూ వింటున్నాం. పూర్తి చేతుల చొక్కా, పొడవు సాక్సు వేసుకుని, గడ్డి మీద నేరుగా కూర్చోకుండా ఉంటే చాలావరకు తప్పుతుంది. ఇంటికి తిరిగి వచ్చాక రెండు వారాల లోపు జ్వరం వచ్చి, ఒంటి మీద సిగరెట్టుతో కాల్చినట్టు నల్లని మచ్చ కనిపిస్తే, తోటకు వెళ్ళివచ్చిన సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. పాముల విషయంలో ఒక మాట తెలిసి ఉండాలి. మన ఆసుపత్రుల్లో ఉండే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి విషాల కోసం తయారైనది, ఈ కొండల్లో కొమ్మల మీద కదలకుండా ముడుచుకుని ఉండే పిట్ వైపర్ల విషానికి అది పనిచేస్తుందన్న భరోసా లేదు. కొమ్మను పట్టుకునే ముందు చూసుకోవడమే మందు. వాల్పారైలో ప్రభుత్వాసుపత్రి ఉంది, 108 అంబులెన్సు కూడా ఉంది, కాని పెద్ద వైద్యానికి ఆ 40 మలుపులూ దిగాలి కనుక గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవారు తమ మందులు రెండు రోజులు ఎక్కువగానే తెచ్చుకోవాలి.

వాగుల్లో దిగకండి. 2023 అక్టోబరులో వాల్పారై దగ్గరి ఒక వాగులో స్నానానికి దిగిన కోయంబత్తూరు కాలేజీ విద్యార్థులు ఐదుగురు మునిగిపోయారు. పైకి నిమ్మళంగా కనిపించే నీటి కింద రాతి గుంటలూ సుడులూ ఉంటాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అయితే నా సలహా అసలు వెళ్ళవద్దనే. 2020 ఆగస్టులో మున్నార్ వైపు పెట్టిముడిలో భారీ వానలకు రాత్రికి రాత్రి కొండ విరిగిపడి టీ తోట కార్మికుల లైన్లు కూరుకుపోయాయి, 70 మంది చనిపోయారు.

తిరుగు ప్రయాణం ఉదయం మంచు విడిచాక, ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య మొదలుపెట్టండి. దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదలకుండా, ఎక్కిన గేరులోనే దిగాలి, ఎక్కే బండికి దారి ఇవ్వాలి. బ్రేకు మీదే ఆధారపడితే సగం దారిలో మాడిన వాసన వస్తుంది. అప్పుడు బండిని పక్కకు తీసి పావుగంట ఆపాలి, చక్రం మీద నీళ్ళు పోయకూడదు. పుదుత్తోట్టం దగ్గర సింహతోక కోతులు రోడ్డు దాటుతుంటాయి, వాటి కోసం చెట్ల మధ్య వంతెనలు కట్టినా కిందికి దిగుతూనే ఉంటాయి కనుక అక్కడ వేగం తగ్గించండి, తినడానికి ఏమీ వేయకండి. కింది నుంచి లెక్కిస్తే తొమ్మిదో మలుపు దగ్గర వ్యూ పాయింటులో బండి ఆపుకునే స్థలం ఉంది. ఆళియార్ జలాశయం అంతా కింద కనిపిస్తుంది, ఒక్కొక్కసారి నీలగిరి థార్ అనే కొండమేకలు పిట్టగోడ మీదికి వచ్చి నిలబడతాయి. కాని రోడ్డు వైపు తలుపు తెరిచే ముందు వెనక బస్సు వస్తోందేమో అద్దంలో చూసుకోండి.