సెర్బియన్ సాహిత్య పరిశోధన: కాటలాగ్‌లో ఎలా వెతకాలి

ముందుగా సెర్బియా గ్రంథాలయాల ఉమ్మడి కాటలాగ్ కోబిస్ తెరవండి. సెర్బియన్‌ను సిరిలిక్, లాటిన్ రెండు లిపుల్లోనూ రాస్తారు కాబట్టి ప్రతి పేరునూ రెండింటిలో వెతకండి. లాటిన్‌లో గుర్తులు వదిలేసి టైప్ చేస్తే చిక్కే: అడ్డగీత ఉన్న డి అక్షరాన్ని కొందరు డీజే అని రెండక్షరాలుగా రాస్తారు, అదీ ప్రయత్నించాలి. విదేశీ రచయితల పేర్లను సెర్బియన్‌లో ఉచ్చారణ ప్రకారం రాస్తారు. షేక్‌స్పియర్ కోసం ఇంగ్లిష్ స్పెల్లింగ్‌తో వెతికితే అనువాదాలు, వ్యాసాలు చాలా తప్పిపోతాయి.

తర్వాత మాండలిక రూపాలు. సెర్బియన్‌లో ఏకవియన్, ఈయెకవియన్ అని రెండు ఉచ్చారణ రూపాలున్నాయి: పాలను ఏకవియన్‌లో 'మ్లెకో', ఈయెకవియన్‌లో 'మ్లియెకో' అంటారు. శీర్షికలోని మాటకు రెండు రూపాలూ ఇవ్వండి.

అసలు కష్టం పాత గ్రంథాలది. భాషా సంస్కర్త, నిఘంటుకారుడు వూక్ కరాజిచ్ సంస్కరించిన సిరిలిక్ లిపికి సెర్బియాలో పూర్తి అధికారిక ఆమోదం 1868లో గానీ రాలేదు. అంతకుముందు అచ్చయిన చాలా పుస్తకాల్లో ఇప్పుడు లేని అక్షరాలుంటాయి. స్కాన్‌లో అక్షర గుర్తింపు తరచూ ఇక్కడే తప్పుతుంది, పుటలు కళ్లతో చూడక తప్పదు. కరాజిచ్ సెర్బియన్ నిఘంటువును ఉదహరిస్తే 1818 ముద్రణో, 1852 ముద్రణో తప్పక రాయండి. రెండోది చాలా పెద్దది, మొదటిదానిలో లేని మాటలు వేలల్లో ఉన్నాయి.