అన్ని కంప్యూటర్లలోనూ మీ టెర్మినల్ ఒకేలా పనిచేయాలంటే ఎలా సెట్ చేసుకోవాలి?

ఆఫీస్ లాప్‌టాప్‌లో విండోస్, దాని లోపల డబ్ల్యూఎస్ఎల్, అంటే విండోస్‌లోనే నడిచే లినక్స్. ఇంట్లో మ్యాక్. అసలు పని జరిగేదేమో ఎక్కడో క్లౌడ్‌లో ఉన్న ఉబుంటు సర్వర్ మీద. చాలామంది పరిస్థితి ఇప్పుడు ఇదే. ఒకచోట ఎల్ఎల్ అని కొడితే ఫైళ్ల లిస్ట్ వస్తుంది, ఇంకోచోట అదే కొడితే కమాండ్ నాట్ ఫౌండ్. దీనికి మనవాళ్లు చేసే వైద్యం ఏంటంటే, పాత మెషీన్‌లో బాష్ఆర్‌సీ (టెర్మినల్ సెట్టింగ్స్ ఉండే ఫైల్) ఓపెన్ చేసి మొత్తం కాపీ కొట్టి, తమకి తామే మెయిల్ పంపుకుని, కొత్త మెషీన్‌లో తీసుకెళ్లి పేస్ట్ చేసేయడం. ఆర్నెల్లు తిరిగేసరికి మూడు మెషీన్లలో మూడు రకాల ఫైళ్లు, ఏది లేటెస్టో పెట్టినవాడికే గుర్తుండదు.

ఇలా చేయొద్దు. ఒక్క పూట కూర్చుంటే అయిపోయే పని ఇది. ఒక స్టెప్ దగ్గర మాత్రం అందరూ బోల్తా పడతారు, అక్కడ నేను కాస్త ఎక్కువ మాట్లాడతాను, మిగతావి త్వరగా చెప్పేస్తా.

కావాల్సినవి

గిట్ (ఫైళ్లలో మార్పుల చరిత్ర దాచే టూల్), ఒక ప్రైవేట్ రెపో (ఆ చరిత్రతో సహా ఫైళ్లు ఉండే చోటు), మీకు అలవాటైన ఎడిటర్. అంతే.

షెల్ (టెర్మినల్‌లో మీరు కొట్టే కమాండ్లు చదివి నడిపే ప్రోగ్రామ్) మాత్రం బాష్ వాడండి. మ్యాక్‌లో 2019లో వచ్చిన క్యాటలీనా నుంచి డీఫాల్ట్‌గా జెడ్‌షెల్ ఇస్తున్నారు, అది బాగుంటుంది కూడా, కాదనను. కానీ మీరు లాగిన్ అయ్యే సర్వర్లలో అది ఉంటుందన్న గ్యారంటీ లేదు, బాష్ అయితే దాదాపు ప్రతి లినక్స్ సర్వర్‌లోనూ రెడీగా ఉంటుంది. మ్యాక్‌లో బాష్‌కి మారితే టెర్మినల్ ఓపెన్ చేసిన ప్రతిసారీ డీఫాల్ట్ షెల్ ఇప్పుడు జెడ్‌షెల్, మారిపోండి అని ఒక మెసేజ్ వస్తుంది, దాన్ని ఆపడానికి ఒక వేరియబుల్ ఉంది, దాని పేరు ఆ మెసేజ్‌లో ఉండదు గానీ వెతికితే వెంటనే దొరుకుతుంది.

ఇంకోటి, మ్యాక్‌తో వచ్చే బాష్ వెర్షన్ 3.2. ఆ సిరీస్ 2006 నాటిది. తర్వాతి వెర్షన్ల లైసెన్స్ మారడంతో ఆపిల్ అక్కడే ఆగిపోయింది. కాబట్టి 2009లో బాష్ 4తో వచ్చిన అసోసియేటివ్ ఎర్రేల (పేర్లతో విలువలు దాచుకునేవి) లాంటివి మీ కామన్ ఫైల్‌లో వాడొద్దు. 3.2లో నడిచేలా రాస్తే ఎక్కడైనా నడుస్తుంది.

ఫైళ్లన్నీ ఒక ఫోల్డర్‌లోకి

హోమ్ ఫోల్డర్‌లో డాట్‌ఫైల్స్ అని ఒక ఫోల్డర్ పెట్టి, అందులో గిట్ ఇనిట్ కొట్టండి. బాష్ఆర్‌సీ, బాష్ ప్రొఫైల్, విమ్ఆర్‌సీ, గిట్‌కాన్ఫిగ్, టీమక్స్ (ఒకే టెర్మినల్‌లో చాలా విండోలు నడిపే టూల్) కాన్ఫిగ్, ఇవన్నీ అందులోకి మూవ్ చేయండి. కాపీ కాదు, మూవ్. తర్వాత అవి అసలు ఉండాల్సిన చోట సింలింక్‌లు (అసలు ఫైల్‌ని చూపించే షార్ట్‌కట్‌లు) పెట్టండి. ఎల్ఎన్ కమాండ్‌కి హైఫన్ ఎస్ ఇచ్చి, అసలు ఫైల్‌కి పూర్తి పాత్ రాయాలి. సగం పాత్ ఇస్తే లింక్ ఎటో చూస్తూ కూర్చుంటుంది. ఈ లింకులన్నీ పెట్టే చిన్న స్క్రిప్ట్ ఒకటి రాసి అదే ఫోల్డర్‌లో పడేయండి, పదిహేను లైన్లు మించదు. అక్కడ ముందే మామూలు ఫైల్ ఉంటే పేరు చివర బ్యాకప్ అని తగిలించి పక్కన పెట్టేలా రాసుకోండి, చెరిపేసేలా కాదు.

దీనికోసం స్టో వాడొచ్చు, షెమ్వా వాడొచ్చు అని చెప్తారు. వాడొచ్చు, మంచి టూల్సే. కానీ ఏడెనిమిది ఫైళ్లకి అవి పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. పైగా కొత్త సర్వర్‌లో ముందు ఆ టూల్ ఇన్‌స్టాల్ చేయాలి, దానికి పర్మిషన్ ఉండదు, మళ్లీ మొదటికొస్తాం. హోమ్ ఫోల్డర్‌నే బేర్ రెపోకి (ఫైళ్లు విడిగా ఉండని, చరిత్ర మాత్రమే ఉండే రెపో) వర్క్ ట్రీగా (ఫైళ్లుండే ఫోల్డర్‌గా) పెట్టే పద్ధతి కూడా ఉంది, చూడ్డానికి భలే తెలివిగా ఉంటుంది గానీ, ఏదో ఒకరోజు పొరపాటున గిట్ క్లీన్ కొట్టారనుకోండి, హోమ్ ఫోల్డర్‌లో ట్రాక్ చేయని ఫైళ్లన్నీ ప్రమాదంలో పడతాయి. నాకు వద్దు ఆ రిస్క్.

ఏ ఫైల్ ఎప్పుడు చదువుతుంది: ఇక్కడే అందరూ తప్పేది

ఇక్కడ తొందరపడొద్దు.

బాష్ స్టార్ట్ అయినప్పుడు రెండు ప్రశ్నలు వేసుకుంటుంది. నేను లాగిన్ షెల్‌నా, అంటే లాగిన్‌లా మొదలైన షెల్‌నా? నా ముందు మనిషి కూర్చుని టైప్ చేస్తున్నాడా? ఈ రెండిటి జవాబుని బట్టి వేర్వేరు ఫైళ్లు చదువుతుంది. లాగిన్ షెల్ అయితే సిస్టమ్ ప్రొఫైల్ తర్వాత మీ హోమ్‌లో బాష్ ప్రొఫైల్ ఉందా అని చూస్తుంది, లేకపోతే బాష్ లాగిన్, అదీ లేకపోతే ప్రొఫైల్. మూడిట్లో మొదట దొరికిన ఒక్కటే చదువుతుంది, మిగతా రెండిటి మొహం కూడా చూడదు. లాగిన్ కాకుండా మనిషి వాడే షెల్ అయితే బాష్ఆర్‌సీ చదువుతుంది.

ఇప్పుడు తిరకాసు ఏంటంటే, ఉబుంటు డెస్క్‌టాప్‌లో టెర్మినల్ విండో తెరిస్తే అది లాగిన్ షెల్ కాదు, మ్యాక్‌లో తెరిస్తే లాగిన్ షెల్. ఎస్ఎస్‌హెచ్‌తో (దూరంగా ఉన్న మెషీన్‌లోకి లాగిన్ అయ్యే టూల్) సర్వర్‌లోకి వెళ్తే లాగిన్ షెల్. టీమక్స్‌లో కొత్త విండో తీస్తే డీఫాల్ట్‌గా అదీ లాగిన్ షెల్లే. అంటే ఒకే ఫైల్‌ని మ్యాక్‌లోనూ ఉబుంటులోనూ పెట్టి, ఇక్కడ పనిచేస్తోంది అక్కడ పనిచేయట్లేదేంటని జుట్టు పీక్కునేవాళ్లకి సమస్య ఫైల్‌లో లేదు, ఆ ఫైల్ అసలు చదవబడట్లేదు.

దీనికంటే దొంగ సమస్య ఇంకోటుంది. ఉబుంటులో మీకు డీఫాల్ట్‌గా వచ్చేది ప్రొఫైల్ అనే ఫైల్, అదే బాష్ఆర్‌సీని పిలుస్తుంది. ఏదో ఒక ప్రోగ్రామ్ ఇన్‌స్టాలర్ వచ్చి, పాత్ వేరియబుల్‌లో (కమాండ్ల కోసం షెల్ వెతికే ఫోల్డర్ల లిస్ట్) ఒక ఫోల్డర్ కలపడానికని బాష్ ప్రొఫైల్ అనే కొత్త ఫైల్ సృష్టించేసి పోతుంది. ఇక ఆ రోజు నుంచి ప్రొఫైల్‌ని ఎవరూ చదవరు, దాని ద్వారా రావాల్సిన బాష్ఆర్‌సీ కూడా రాదు. ఎస్ఎస్‌హెచ్‌తో లాగిన్ అయితే రంగులు పోయి, అలియాస్‌లు (కమాండ్లకి పెట్టుకున్న పొట్టి పేర్లు) పోయి బోసిగా ప్రాంప్ట్ ఒక్కటే కనిపిస్తుంది. నిన్నటిదాకా బాగానే ఉందే అంటారు. ఒక ఎల్ఎస్ హైఫన్ ఏ కొట్టి చూస్తే ఆ కొత్త ఫైల్ అక్కడే ఉంటుంది.

అందుకే రూల్ ఒకటి పెట్టుకోండి. బాష్ ప్రొఫైల్‌ని మీరే రాయండి, మీ రెపోలో ఉంచండి. అందులో రెండే పనులు ఉండాలి: పాత్ లాంటి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ సెట్ చేయడం, చివర్లో బాష్ఆర్‌సీ ఉంటే దాన్ని సోర్స్ చేయడం, అంటే అదే షెల్‌లో చదివించడం. అలియాస్‌లు, ప్రాంప్ట్, హిస్టరీ సెట్టింగ్స్, ఫంక్షన్లు అన్నీ బాష్ఆర్‌సీలోనే. ఇన్‌స్టాలర్లు ఏదైనా తగిలిస్తే గిట్ డిఫ్‌లో వెంటనే దొరికిపోతాయి, అదొక లాభం. పాత్‌లో ఏదైనా కలిపే ముందు అది ఇప్పటికే ఉందో లేదో చెక్ చేసి కలపండి, లేకపోతే టీమక్స్ లోపల ఇంకో షెల్ తీసిన ప్రతిసారీ అదే ఫోల్డర్ మళ్లీ మళ్లీ అతుక్కుని పాత్ చాంతాడంత అవుతుంది.

ఇక రెండో ప్రశ్న. మనిషి లేని షెల్ కూడా మీ బాష్ఆర్‌సీ చదవొచ్చు, ఇది చాలామందికి తెలీదు. ఎస్ఎస్‌హెచ్‌తో సర్వర్‌కి ఒక కమాండ్ మాత్రమే పంపినప్పుడు, ఆర్‌సింక్‌తో ఫైళ్లు పంపినప్పుడు, అవతల సర్వర్‌లో ఒక బాష్ లేస్తుంది. ఉబుంటు, డెబియన్‌లలో ఆ బాష్, తనని ఎస్ఎస్‌హెచ్ పిలిచిందని గుర్తుపట్టి బాష్ఆర్‌సీ చదువుతుంది. మీరేమో ముచ్చటపడి అందులో వెల్‌కమ్ బాస్ అని ఒక ఎకో లైన్ పెట్టారు, లేదా సిస్టమ్ లోగో రంగుల్లో చూపించే ప్రోగ్రామ్ పెట్టారు. ఆ అక్షరాలన్నీ ఫైల్ డేటా మధ్యలోకి వచ్చి పడతాయి. అప్పుడు ఆర్‌సింక్ ఏమంటుందంటే: ప్రోటోకాల్ వెర్షన్ మిస్‌మ్యాచ్, ఈజ్ యువర్ షెల్ క్లీన్? ఫైళ్లు పంపే ఇంకో టూల్ ఎస్ఎఫ్‌టీపీ అయితే రిసీవ్డ్ మెసేజ్ టూ లాంగ్ అని ఏదో పెద్ద నంబర్ చూపిస్తుంది. జనం వెర్షన్ అనే మాట చూసి ఆర్‌సింక్ రెండువైపులా అప్‌గ్రేడ్ చేస్తూ సాయంత్రం దాకా కూర్చుంటారు. తప్పు ఆ వెల్‌కమ్ బాస్‌ది.

కాబట్టి బాష్ఆర్‌సీలో అన్నిటికంటే పైన ఒక కాపలా లైన్ ఉండాలి. డాలర్ హైఫన్ అనే వేరియబుల్‌లో చిన్న ఐ అక్షరం (మనిషి వాడే షెల్ అని చెప్పే గుర్తు) ఉందా అని కేస్‌తో చూడండి, లేకపోతే రిటర్న్. ఉబుంటుతో వచ్చే బాష్ఆర్‌సీలో మొదట్లోనే ఇది ఉంటుంది, మనవాళ్లు ఏంటో ఈ చెత్త అని దాన్నే ముందు డిలీట్ చేస్తారు! అక్కడ రిటర్న్ అనే రాయాలి, ఎగ్జిట్ అని రాయొద్దు. బాష్ఆర్‌సీ వేరే ప్రోగ్రామ్‌గా రన్ అవదు, ఉన్న షెల్ లోపలే చదవబడుతుంది, ఎగ్జిట్ అంటే ఆ షెల్లే మూసుకుపోతుంది. పొరపాటున కాపలా బయట ఎక్కడైనా ఎగ్జిట్ పడితే ఎస్ఎస్‌హెచ్‌లో పాస్‌వర్డ్ కొట్టగానే బయటకి నెట్టేస్తుంది, సరిచేద్దామన్నా మామూలుగా లాగిన్ అయ్యే దారి ఉండదు.

ఇది ఎవరికి చెప్పినా తలూపుతారు, ఎవరూ చేయరు: సర్వర్‌లో ఈ ఫైళ్లు మార్చేటప్పుడు ఉన్న సెషన్ మూయొద్దు. పక్కన రెండో విండోలో కొత్తగా లాగిన్ అయి చూడండి. అది సరిగ్గా వచ్చాకే మొదటిది మూయండి.

టెస్ట్ ఎలా అంటే, మీ లాప్‌టాప్ నుంచి ఎస్ఎస్‌హెచ్‌తో సర్వర్‌లో ట్రూ అనే కమాండ్ రన్ చేసి, వచ్చిన అవుట్‌పుట్‌ని ఒక ఫైల్‌లోకి మళ్లించండి. ఆ ఫైల్ సైజ్ సున్నా బైట్లు ఉండాలి. ఒక్క బైట్ ఉన్నా మీ షెల్ ఏదో వాగుతోందని అర్థం, వెతికి పట్టుకోండి.

క్రాన్ (పెట్టిన టైమ్‌కి పనులు నడిపే ప్రోగ్రామ్) సంగతి వేరు, అది ఈ ఫైళ్లలో దేన్నీ చదవదు. క్రాన్‌లో నడిచే స్క్రిప్ట్‌కి కావాల్సిన పాత్ ఆ స్క్రిప్ట్‌లోనే రాయండి.

మెషీన్‌ని బట్టి మారేవి

ఇది తేలిక. యునేమ్ హైఫన్ ఎస్ కొడితే లినక్స్ అనో డార్విన్ అనో వస్తుంది, డార్విన్ అంటే మ్యాక్. దాన్ని బట్టి కేస్ రాసుకోండి. ఎల్ఎస్‌కి రంగులు కావాలంటే లినక్స్‌లో కలర్ ఆప్షన్, మ్యాక్‌లో పెద్ద జీ. హోమ్‌బ్రూ కొత్త ఆపిల్ చిప్ మ్యాక్‌లలో ఆప్ట్ కింద, పాత ఇంటెల్ మ్యాక్‌లలో యూజర్ లోకల్ కింద ఉంటుంది, రెండూ చెక్ చేయండి. డబ్ల్యూఎస్ఎల్ కూడా లినక్స్ అనే చెప్తుంది, దాన్ని విడిగా పట్టుకోవాలంటే యునేమ్ హైఫన్ ఆర్‌లో మైక్రోసాఫ్ట్ అనే మాట కోసం చూడండి. ఏదైనా టూల్‌కి అలియాస్ పెట్టే ముందు కమాండ్ హైఫన్ వీతో ఆ టూల్ ఉందో లేదో చూసుకుంటే, లేని మెషీన్‌లో ఎర్రర్లు రావు.

ఫైళ్లు చెరిపే ఆర్ఎమ్‌ని, చెరిపే ముందు అడిగే ఆర్ఎమ్ హైఫన్ ఐగా మార్చే అలియాస్ మాత్రం పెట్టొద్దు. అడుగుతుందిలే అన్న ధీమా అలవాటైపోతుంది, ఆ అలియాస్ లేని సర్వర్‌లో అదే ధీమాతో కొడితే అది అడగదు.

ఒక్క మెషీన్‌కే పనికొచ్చేవి, అంటే ఆఫీస్ ప్రాక్సీ, టోకెన్లు, క్లయింట్ పేరున్న అలియాస్‌లు, బాష్ఆర్‌సీ లోకల్ అని వేరే ఫైల్‌లో రాసి, అది ఉంటే సోర్స్ చేయమని మెయిన్ ఫైల్ చివర రాయండి. ఆ లోకల్ ఫైల్ గిట్‌లోకి వెళ్లకూడదు. ఎస్ఎస్‌హెచ్ ప్రైవేట్ కీ అయితే అసలే వెళ్లకూడదు, రెపో ప్రైవేటే కదా అనొద్దు. ఒకసారి కమిట్ అయిన టోకెన్‌ని తర్వాత డిలీట్ చేసినా హిస్టరీలో అలాగే ఉంటుంది, అప్పుడు చేయాల్సింది ఆ టోకెన్‌నే రద్దు చేసి కొత్తది తీసుకోవడం.

విండోస్ వాళ్లకి

రెపోని డబ్ల్యూఎస్ఎల్ లోపల, లినక్స్ హోమ్‌లోనే క్లోన్ చేయండి, సీ డ్రైవ్‌లో కాదు. విండోస్ గిట్‌తో క్లోన్ చేస్తే లైన్ చివర విండోస్ తరహా క్యారెక్టర్ అదనంగా చేరొచ్చు, అప్పుడు బాష్ ప్రతి లైన్‌కీ ఏదో కనిపించని కమాండ్ దొరకలేదని ఏడుస్తుంది, ఫైల్ తెరిచి చూస్తే అంతా శుభ్రంగానే ఉంటుంది. గిట్ అట్రిబ్యూట్స్ ఫైల్‌లో అన్ని టెక్స్ట్ ఫైళ్లకీ ఎల్ఎఫ్ (లినక్స్ తరహా లైన్ ముగింపు) అని ఒక లైన్ రాస్తే ఈ గోల ఉండదు.

ప్రాంప్ట్

ప్రాంప్ట్‌లో మెషీన్ పేరు తప్పనిసరి. ప్రొడక్షన్ సర్వర్ అయితే ఎర్ర రంగు. ఏ మెషీన్‌కి ఏ రంగో ఆ లోకల్ ఫైల్‌లో రాసుకోండి. అన్నిచోట్లా టెర్మినల్ ఒకేలా ఉండాలి నిజమే, కానీ ఏ మెషీన్‌లో ఉన్నామో తెలియనంత ఒకేలా ఉంటే కొంప మునుగుతుంది. రంగు కోడ్‌లకి రెండు పక్కలా బ్యాక్‌స్లాష్‌తో స్క్వేర్ బ్రాకెట్లు పెట్టడం మర్చిపోవద్దు. అవి లేకపోతే రంగు బాగానే వస్తుంది గానీ, కమాండ్ పొడుగైనప్పుడు కింది లైన్‌లోకి వెళ్లకుండా అదే లైన్ మొదటికి వచ్చి ప్రాంప్ట్ మీదే టైప్ అవుతుంది, పై బాణం నొక్కి పాత కమాండ్లు తిరగేస్తే సగం సగం అక్షరాలు మిగిలిపోతాయి. రెడీమేడ్ థీమ్‌లు, ప్లగిన్ ఫ్రేమ్‌వర్క్‌లు వేసుకుంటారా, మీ ఇష్టం, ఎంటర్ కొట్టిన ప్రతిసారీ గిట్ స్టేటస్ లెక్కేసుకునే ప్రాంప్ట్ పెద్ద రెపోలో ఎంత నత్తనడక నడుస్తుందో మీరే చూస్తారు.

కొత్త మెషీన్ వచ్చినప్పుడు

గిట్ క్లోన్, లింకుల స్క్రిప్ట్, కొత్త విండో. ఐదు నిమిషాలు. ఎక్కడ మార్చినా వెంటనే కమిట్ చేసి పుష్ చేయండి, రేపు చేద్దాంలే అనుకుంటే మళ్లీ మూడు మెషీన్లు మూడు దారులు పడతాయి.

టీమ్ మొత్తం ఒకే యూజర్‌తో లాగిన్ అయ్యే సర్వర్లు ఉంటాయి, అక్కడ మాత్రం ఇదేదీ చేయొద్దు. మీ ప్రాంప్ట్, మీ అలియాస్‌లు నలుగురి నెత్తిన రుద్దినట్టవుతుంది, ఎవరో రాసిన డిప్లాయ్‌మెంట్ స్క్రిప్ట్ ఆ పాత సెట్టింగ్స్ మీదే ఆధారపడి ఉండొచ్చు కూడా. అలాంటి చోట మీ పేరుతో ఒక ఫోల్డర్ చేసుకుని అందులోకి క్లోన్ చేయండి, లాగిన్ అయ్యాక చేత్తో ఒకసారి సోర్స్ కొట్టండి. ఆ సెషన్ వరకే మీ సెట్టింగ్స్ ఉంటాయి. ప్రాజెక్ట్ మారేటప్పుడు ఆ ఫోల్డర్ తీసేసి వెళ్లండి.