భుజం ఆపరేషన్ అయినవారు సంక్రాంతి పోటీలకు దిగేముందు పాటించవలసిన జాగ్రత్తలు

సంక్రాంతి దగ్గర పడుతున్నకొద్దీ ఊళ్ళలో కబడ్డీ, వాలీబాల్, క్రికెట్ పోటీలకు జట్లు సిద్ధమవుతాయి. జారిన భుజానికి ఆగస్టులోనో సెప్టెంబరులోనో కీహోల్ ఆపరేషన్ (చిన్న రంధ్రాల గుండా చేసేది) చేయించుకున్న ఆటగాడికి అప్పటికి నాలుగైదు నెలలు నిండుతాయి. నొప్పి ఉండదు, చెయ్యి తల మీదికి లేస్తుంది, జట్టులో ఒకరు తక్కువయ్యారని కబురు వస్తుంది. జాగ్రత్త తప్పేది సాధారణంగా ఇక్కడే.

భుజం కీలులో చేతి ఎముక తల పెద్దది, అది కూర్చునే గుంట మాత్రం లోతు తక్కువది. గుంట అంచు చుట్టూ ఉండే లేబ్రమ్ అనే వలయం ఆ లోతును కొంత పెంచి ఎముకను నిలబెడుతుంది. భుజం ముందువైపుకు జారినప్పుడు చాలామందిలో ఈ వలయం ఎముక నుంచి ఊడిపోతుంది. దాన్ని సరిచేసే బ్యాంకార్ట్ రిపేర్ అనే ఆపరేషన్‌లో ఎముకలోకి యాంకర్లు అనే చిన్న మేకుల్లాంటివి దించి, వాటి దారాలతో వలయాన్ని తిరిగి అంచుకు కడతారు. ఆ దారాలు పట్టి ఉంచిన కాలంలో కణజాలం ఎముకకు అతుక్కొని గట్టిపడాలి. దీనికి నొప్పి తగ్గడానికి పట్టేదానికన్నా చాలా ఎక్కువ కాలం పడుతుంది కాబట్టి, నొప్పి లేకపోవడాన్ని ఆటకు అనుమతిగా తీసుకోకూడదు.

ఆపరేషన్ తర్వాత మొదటి నాలుగు నుంచి ఆరు వారాలు స్లింగ్ (చేతిని మెడకు వేలాడదీసే పట్టీ) వాడమంటారు. నిద్రలోనూ తీయవద్దని సర్జన్ చెప్పి ఉంటే తీయకూడదు. వీపు వెనుక దిండ్లు పెట్టుకొని కాస్త ఏటవాలుగా పడుకుంటే నొప్పి తక్కువగా ఉంటుంది. చొక్కా తొడిగేటప్పుడు ఆపరేషన్ అయిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు చివర రావాలి. వేళ్ళు, మణికట్టు, మోచెయ్యి రోజూ కదిలిస్తూ ఉండాలి. స్లింగ్ ఉన్నన్నాళ్ళూ బైకు నడపకూడదు. జ్వరం వచ్చినా, కుట్ల దగ్గర ఎర్రబడి చీము కారినా, వేళ్ళు తిమ్మిరెక్కి చల్లబడినా తర్వాతి అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

స్లింగ్ తీశాక భుజం బిగుసుకుపోయి ఉండటం సహజమే అయినా, దాన్ని చూసి ఇంట్లోవాళ్ళు కంగారుపడి మాలిష్ చేయించడమో, ఎవరిచేతనైనా చెయ్యి లాగించడమో చేస్తారు. కట్టిన దారాల మీద ఇది చెడ్డ ఒత్తిడి పెడుతుంది. చేతిని పక్కకు ఎత్తి, అరచెయ్యి ముందుకు ఉండేలా వెనక్కి వంచే భంగిమ, అంటే బంతి విసరబోయే ముందు చెయ్యి ఉండే తీరు, మరమ్మతును అన్నిటికన్నా ఎక్కువగా సాగదీస్తుంది. ఫిజియోథెరపిస్ట్ అనుమతించేదాకా దానిని సరదాకైనా ప్రయత్నించకూడదు. మధుమేహం ఉన్నవారికి బిగుతు ఎక్కువగా రావచ్చు కనుక చక్కెర అదుపు కూడా ఈ చికిత్సలో భాగమే. పొగతాగడం మానుతాడా లేదా అన్నది రోగి చేతిలో ఉంది. మానితే గాయం బాగా మానుతుంది.

బరువులతో బలం పెంచే వ్యాయామం సాధారణంగా మూడో నెల దాటాకే మొదలవుతుంది. ముందు రబ్బరు బ్యాండ్లు, తర్వాత గోడకు ఆనుకొని చేసే పుషప్‌లు, ఆ తర్వాత నేల మీద చేసేవి. బెంచ్ ప్రెస్, డిప్స్ లాంటివి జిమ్‌లో అందరూ చేస్తున్నారని ముందే అందుకోవద్దు. ఒంటికి ఒళ్ళు తగిలే ఆటలకు ఆరు నెలలు అన్నది కనీస లెక్క. ఆరు నెలలు నిండినా రెండో భుజంతో పోల్చి బలం కనీసం 90 శాతం ఉందా, కదలిక పూర్తిగా వచ్చిందా, చెయ్యి వెనక్కి వంచినప్పుడు జారిపోతుందేమోనన్న భయం లేకుండా ఉందా అని పరీక్షించాలి. గుంట అంచు ఎముక అరిగినందువల్ల, వేరేచోటి ఎముక ముక్కను అక్కడ బిగించే లాటర్జే ఆపరేషన్ అయినవారికి, ఆ ముక్క అతుక్కుందో లేదో స్కాన్‌లో చూసి నిర్ణయించడం మేలు.

క్రికెటర్ శ్రేయస్ అయ్యర్ 2021 మార్చిలో పుణేలో ఫీల్డింగ్ చేస్తూ ఎడమ భుజానికి గాయపడి, ఏప్రిల్‌లో శస్త్రచికిత్స చేయించుకొని, సెప్టెంబరులో ఐపీఎల్ ఆడాడు కదా అని కొందరు అంటారు. అది ఆయన బంతి విసిరే చెయ్యి కాదు. పైగా నిపుణుల పర్యవేక్షణలో తిరిగి సిద్ధమైన బ్యాటర్ ఆయన. ఎదుటి జట్టు డిఫెండర్లు చెయ్యి పట్టి లాగే కబడ్డీ రైడర్‌కు ఆ లెక్క సరిపోదు.

ఈ సంక్రాంతికి అనుమతి రానివారు రెఫరీగానో స్కోరరుగానో ఉండవచ్చు. అనుమతి వచ్చినవారు నేరుగా మ్యాచ్‌కు దిగకుండా, ముందు మ్యాట్ మీద చెయ్యి చాపకుండా దొర్లుతూ పడటం, తర్వాత నెమ్మదిగా ట్యాకిల్‌లు, ఆ పైన సాధన మ్యాచ్‌లు అన్న వరుసలో వెళ్ళాలి. కబడ్డీలో చేతులు పట్టుకొని చైన్‌గా ఆడేవారు మొదట్లో ఆపరేషన్ కాని భుజం వైపే సహ ఆటగాడి చెయ్యి పట్టుకునేలా చోటు మార్చుకోవాలి. బంతి విసిరేవారు తక్కువ దూరం, తక్కువ విసుర్లతో మొదలుపెట్టి, మధ్యలో విశ్రాంతి రోజులు ఉంచుకోవాలి.

ఆటలో భుజం మళ్ళీ జారితే మైదానంలో ఎవరినీ లాగనివ్వకూడదు, ఎందుకంటే లోపల ఎముక విరిగి ఉంటే లాగడం వల్ల నరాలు, రక్తనాళాలు దెబ్బతినవచ్చు. చెయ్యి ఉన్న స్థితిలోనే కండువాతో ఆసరాగా కట్టి, భుజం బయటివైపు చర్మం మొద్దుబారిందేమో గమనించి, ఏమీ తినిపించకుండా ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళి, పాత ఆపరేషన్ కాగితాలు డాక్టరుకు చూపించాలి.