ఖాళీ ఇంట్లో యువత అడ్డా: ఎక్కడ చెడుతోంది, ఎలా సరిచేయాలి

భూగర్భ బొగ్గు బాయిలు (గనులు) ఒక్కొక్కటే మూతపడ్డాక బెల్లంపల్లి, ఇల్లందు లాంటి బొగ్గు పట్టణాల్లో తాళాలు వేసిన ఇళ్లు, షట్టర్లు దించిన కొట్లు మిగిలాయి. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికుల సంఖ్య తర్వాత నలభై వేల దగ్గరికి దిగింది. చదువు కాగానే పిల్లలు హైదరాబాద్ బస్సెక్కుతున్నారు. అలాంటి ఊళ్లో ఒక ఖాళీ ఇంటిని పాటకి, నాటకానికి, వీడియో ఎడిటింగ్‌కి, స్క్రీన్ ప్రింటింగ్‌కి ఇస్తే వీధి మళ్లీ కదులుతుంది. మొదలుపెట్టాక సాధారణంగా వచ్చే చిక్కులు, వాటి మూలాలు ఇవి.

ఓపెనింగ్ రోజు కిటకిట, మూడో నెలకి ఎవరూ లేరు

ముందు తాళంచెవి ఎవరి దగ్గరుందో చూడండి. నూటికి తొంభై పాళ్లు జబ్బు అక్కడే. చెవి ఒక పెద్దాయన జేబులో ఉంటే, ఆయన పెళ్లికో పేరంటానికో వెళ్లిన రోజు గది తెరుచుకోదు. రెండుసార్లు వచ్చి తాళం చూసి వెనక్కి పోయిన అమ్మాయి మూడోసారి రాదు. కుర్చీలు వేయడానికి, ఫ్లెక్సీ కట్టడానికి పిల్లల్ని పిలిచి, నిర్ణయాలు మాత్రం పెద్దలు తీసుకుంటే అది వాళ్ల గది అనిపించదు.

చెవులు మూడు చేయించండి. మూడూ పద్దెనిమిది నుంచి పాతికేళ్ల లోపు వాళ్లకే ఇవ్వండి, అందులో ఒకటి అమ్మాయికి. తలుపు పక్కన మేకుకి నోటుబుక్కు వేలాడదీసి, తెరిచినవాళ్లు టైము, మూసినవాళ్లు టైము రాయాలి. నెలకి రెండు వేల రూపాయలు పెద్దల సంతకం లేకుండా ఖర్చుపెట్టే హక్కు వాళ్లకివ్వండి, లెక్క మాత్రం గోడకి అంటించాలి. సొసైటీ రిజిస్ట్రేషన్‌కి ఏడుగురు సభ్యులు చాలు. దానికి మొదటి నెలలోనే పరుగెత్తొద్దు. ఆరు నెలలు ఆగితే నిజంగా పనిచేసే ఏడుగురెవరో తేలిపోతుంది.

అమ్మాయిలే రావడం లేదంటే ఉపన్యాసాలు అక్కర్లేదు. బాత్రూమ్ గడియ పడుతోందా, నీళ్లున్నాయా, వీధి మలుపులో బల్బు వెలుగుతోందా చూడండి. ఆ మూడూ సరిచేశాక సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా సమయం పెట్టి, ఆ వేళల్లో అమ్మాయిల దగ్గరున్న చెవితోనే తెరవండి.

ఓనరు ఇల్లివ్వడు, ఇచ్చినా సున్నం వేయగానే ఖాళీ చేయమంటాడు

ఇవ్వకపోవడానికి కారణం పిసినారితనం కాదు, భయం. కూర్చున్నవాళ్లు లేవరేమోనని. జర్మనీలోని లైప్‌జిగ్ ఈ చిక్కుని బాగా విప్పింది. 1989లో సుమారు 5.3 లక్షల జనాభా ఉన్న ఆ నగరం పదేళ్లలోపే 4.4 లక్షలకు దిగింది. 2000 నాటికి దాదాపు 60 వేల ఫ్లాట్లు ఖాళీ. 2004లో హౌస్‌హాల్టెన్ అనే సంఘం ఓనర్లతో ఒక ఒప్పందం మొదలుపెట్టింది: దాదాపు ఐదేళ్లు ఇల్లివ్వండి, అద్దె అడగొద్దు, కరెంటు, నీటి కనెక్షన్లు మీరు పెట్టించండి, లోపలి మరమ్మతు, నెలవారీ ఖర్చులు వాడుకునేవాళ్లవి. ఇల్లు కూలకుండా నిలిస్తే అదే ఓనరు లాభం.

మన దగ్గర దీనికి సరిపోయేది లీజు కాదు, లైసెన్స్ ఒప్పందం. ఇల్లు స్వాధీనం కాదు, వాడుకునే అనుమతి మాత్రమే అని అందులో స్పష్టంగా రాయాలి. లీజు రాస్తే, ఏడాది మించితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మధ్యలో ఖాళీ చేయిస్తే మూడు నెలల ముందు నోటీసు, మరమ్మతుకి పెట్టిన డబ్బులో నెలల లెక్కన మిగిలిన వాటా వాపసు అని కూడా రాయించండి. ఉదాహరణకి 36 నెలల మాట మీద 36 వేలు పెట్టి, 12 నెలలకే లేపితే 24 వేలు తిరిగి రావాలి. బిల్లులు దాచుకోకపోతే ఈ షరతు ఎందుకూ పనికిరాదు.

ఇంకోటి. అది సింగరేణి క్వార్టరైతే అందులో ఉన్నాయన ఇచ్చే మాట చెల్లదు. కంపెనీ రాతపూర్వక అనుమతే కావాలి.

గోడకి పగులు, పైన కారుతోంది

రంగులకి తొందరపడొద్దు. కింద పాత బాయి తవ్వకాలున్న ఊళ్లలో నేల కుంగే అవకాశం ఉంది. పగులుకి అడ్డంగా బెత్తెడు పొడవున ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పట్టీ వేసి, దానిమీద పెన్నుతో తేదీ రాయండి. నెల తర్వాత పట్టీ చిట్లితే గోడ ఇంకా కదులుతోందని అర్థం. ఇంజనీరుకి చూపించే దాకా ఎవర్నీ కూర్చోబెట్టొద్దు. చిట్లకపోతే పాత పగులే, పూడ్చుకోవచ్చు. పెంకుటింటికైతే దూలాల్ని స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి, సులువుగా దిగిన దూలం మార్చాల్సిందే. పైకప్పు తర్వాతే గోడలు, గోడల తర్వాతే బొమ్మలు.

స్పీకర్ పెట్టగానే ఫ్యూజు పోతోంది

లోడు లెక్క చూసుకోకపోవడమే. ఆరు ఫ్యాన్లు 450 వాట్లు, పది ఎల్‌ఈడీ ట్యూబులు 200, నాలుగు కంప్యూటర్లు 800, ఆంప్లిఫయర్ 300. మొత్తం 1,750, అంటే ఏడున్నర ఆంపియర్ల పైమాట. దానిమీద 1,500 వాట్ల కెటిల్ పెడితే పద్నాలుగు దాటుతుంది. పాత తీగ వేడెక్కుతుంది. మందం తీగతో ఫ్యూజు కట్టడం ఇంటిని తగలబెట్టుకోవడమే. ప్లగ్గులకి 2.5, లైట్లకి 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, ఎర్తింగ్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్) పెట్టించి, 3 కిలోవాట్ల లోడుకి దరఖాస్తు చేయండి. ఇంటి మీటరు మీద ఫీజులు తీసుకునే క్లాసులు నడపొద్దు. పట్టుబడితే రెట్టింపు రేటుతో వసూలు చేస్తారు.

డప్పు, డ్రమ్స్ మోతకి పక్కింటివాళ్ల గొడవ

గోడలకి గుడ్ల అట్టలు అంటిస్తారు. అవి గదిలో ప్రతిధ్వనిని కాస్త తగ్గిస్తాయి తప్ప శబ్దాన్ని బయటికి పోకుండా ఆపవు. మోత వెళ్లేది తలుపు కింది సందు నుంచి, కిటికీ రెక్కల నుంచి. తలుపు చుట్టూ రబ్బరు పట్టీ, కింద బ్రష్ పట్టీ వేయండి, వీధి వైపు కిటికీని లోపలినుంచి రెండో పలకతో మూయండి. డ్రమ్స్ కింద పాత పరుపు, దానిమీద ప్లైవుడ్ వేయాలి. నివాస ప్రాంతంలో పగలు పరిమితి 55 డెసిబెల్స్, రాత్రి 45. నైట్ షిఫ్టు చేసి పగలు పడుకునేవాళ్లు పక్కనుంటే చట్టం కన్నా వాళ్ల షిఫ్టు ముఖ్యం, ఆ వారం షిఫ్టు అడిగి రిహార్సల్ టైము మార్చండి.

నేర్చుకున్నవాళ్లంతా వెళ్లిపోతున్నారు

వెళ్తారు, ఆపొద్దు. తప్పు వెళ్లడంలో లేదు, ఒక్కరికే పని తెలిసి ఉండడంలో ఉంది. ప్రతి పనికీ ఇద్దరుండాలి, రెండోవాళ్లు కనీసం మూడేళ్లు చిన్నవాళ్లై ఉండాలి. పాస్‌వర్డులు, మెకానిక్ నంబర్లు, కరెంటు బిల్లు తేదీ ఒకే పుస్తకంలో ఉంచండి. దసరాకి, బతుకమ్మకి వాళ్లు ఊరొచ్చే వారంలోనే పెద్ద వర్క్‌షాప్ పెట్టండి. ఊళ్లో కొట్ల బోర్డులు, పెళ్లి వీడియోలు, స్కూలు వార్షికోత్సవాల పని గదికి తెప్పించి, చేసినవాళ్ల చేతికి అదే వారం డబ్బివ్వండి. కొందరైనా ఉండిపోవాలంటే చప్పట్లు చాలవు.